వెనక పలక

యాకయ్య మళ్లీ తాడు లాగాడు. పొద్దుటి నుంచి లాగి లాగి అరచేతి తోలు ఊడింది గానీ, ముసలి పడవ మోటారు దగ్గి దగ్గి ఊరుకుంటోంది. వరంగల్‌లో ఆటోలు, బోరు మోటార్లు బాగుచేసుకునే మనిషిని ఈ చెరువు కట్టకు పిలిపించింది పడవల కాంట్రాక్టరు కిషన్ రావు. మోటారుకు జోరు పెంచితే ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. షెడ్డు మూతపడి ఇంట్లో కూర్చున్న యాకయ్యకు అది చిన్న మాట కాదు.

మసి గీకాడు. పిస్టన్ రింగులు మార్చాడు. కార్బురేటర్ కడిగాడు. నీళ్లలో తిరిగే ఫ్యానుకు వంగిన రెక్కలు తీసి పెద్దవి బిగించాడు. ఈసారి లాగేసరికి మోటారు రంకె వేసింది. నీళ్లమీద ఒక చుట్టు తిప్పితే పడవ కోడెదూడలా ఉరికింది. యాకయ్యకు గర్వం ఆగలేదు. ఆ గర్వంలోనే పొరపాటు చేశాడు. మోటారును చూశాడు గానీ దాన్ని మోసే పలకను చూడలేదు.

ఒడ్డుకొచ్చి పడవను కట్టేస్తుంటే కనిపించింది. మోటారు బిగించిన వెనక పలక మీద కొత్త రంగు నెర్రెలు విచ్చింది. గోరుతో నొక్కితే నానిన రొట్టెలా లోపలికి దిగింది. యాకయ్య గట్టు మీదున్న కిషన్ రావు దగ్గరికి నడిచాడు.

"సార్, పలక కుళ్లింది. ఈ జోరుకు ఊడి వస్తది. మోటరు పోతె పోయె, ఆ సందుల కెల్లి నీళ్లు జొస్తయి."

కిషన్ రావు నవ్వాడు. "ఇన్నేండ్ల సంది ఆగిన పలక ఇయ్యాల్నే ఊడుతదా?"

"మోటరుకు బలం లేకనే ఆగింది సార్."

"జర పుట్టీ పెట్టు, ఫికర్ చెయ్యకు. రెండింతల మందిని ఎక్కించాలనే కద నీతోని జోరు పెంచిచ్చింది. అందరు సూస్తున్నరు, ఎక్కు."

ఆ కట్టమీద ఒక ఆనవాయితీ ఉంది. మోటారు విప్పి బిగించిన రోజు, మెకానిక్ ఇంటి ఆడమనిషి కొబ్బరికాయ కొట్టాలి. మొదటి ట్రిప్పు మొగుడూ పెళ్లాలిద్దరూ ఎక్కాలి. వాళ్లు ఎక్కితేనే జనం ఎక్కుతారు. ఎప్పుడో పడవవాళ్లు ప్రాణభయంతో పెట్టుకున్న ఆ కట్టుబాటు, ఇప్పుడు కిషన్ రావుకు టికెట్లు అమ్మిపెడుతోంది.

పత్తి ఏరే కూలి ఆడవాళ్లు, ఒక్కనాడు పని మానుకుని పిల్లల్ని వెంటబెట్టుకొచ్చినవాళ్లు, వరసలో నిలబడి ఉన్నారు. లైఫ్ జాకెట్లు సగం మందికి కూడా లేవు. మబ్బు కమ్మి నీళ్లు నల్లబడ్డాయి.

యాకయ్య పెళ్లాం మొగిలమ్మ కాయ కొట్టి పడవలో ఒక కాలు పెట్టింది. మొగుడి వైపు చెయ్యి చాపింది.

"రావయ్యా. ఏంది, గట్ల నిలవడ్డవ్?"

అబద్ధమెందుకు, యాకయ్యకు ఎక్కేద్దామనే అనిపించింది. ఏడాది పని. అంతలో మొగిలమ్మ వెనక, చంకలో బిడ్డతో ఒకామె ఎక్కడానికి కుచ్చెళ్లు పైకి పట్టుకోవడం చూశాడు.

"దిగు మొగిలీ. నేను ఎక్క."

మొగిలమ్మ అతని మొహం చూసి కాలు వెనక్కి తీసుకుంది.

కిషన్ రావు మొహం మాడిపోయింది. "రేపటి సంది ఈ కట్ట తొక్కకు," అని పడవలోకి దూకి తానే తాడు లాగాడు. ఒక్క లాగుకే మోటారు అందుకుంది. అంత బాగా చేసినందుకు యాకయ్య తన చేతుల్ని తానే తిట్టుకున్నాడు.

"ఎక్కుండ్రి, ఎక్కుండ్రి. మోటరు కొత్తదాని లెక్కైంది."

వరస కదల్లేదు, చెదరలేదు కూడా. అందరూ యాకయ్య కాళ్ల వైపు చూస్తున్నారు. అవి ఒడ్డు బురదలోనే ఉన్నాయి.