తప్పనిసరి పది

వట్లూరులో రెండు రోజుల ట్రైనింగు నుంచి వచ్చిన మా హెడ్మాస్టరు జయరత్నం గారు, మూడో తరగతి పాఠ్యాంశాలు ముందేసుకుని ఎర్ర పెన్ను తీశారు. పిల్లలకి తప్పనిసరిగా రావాల్సిన పది అంశాలు ఎంచుకుని, అవి అందరికీ వచ్చేదాకా నేర్పమని అక్కడ చెప్పారట. మాట మంచిదే. ఈయన చెవిన పడటమే దాని ఖర్మ. పోయిన ట్రైనింగులో ఇచ్చిన చార్టు ఇంకా బీరువా మీద చుట్ట విప్పకుండానే ఉంది.

మా పిల్లలకి ఏవి వచ్చో చూసుకుని వాటికే టిక్కు పెడుతున్నారు. రంగుల పేర్లకి టిక్కు. వందలోపు అంకెలకి టిక్కు. పక్షుల్ని గుర్తుపట్టడానికీ టిక్కే. కొల్లేటి ఒడ్డున పుట్టినవాడికి అది బళ్లో నేర్పాలా?

“చదివి అర్థం చేసుకోవడం కొట్టేశారేమండీ?” అన్నాను.

“సగం మందికి రాదు కదండీ గ్రేస్ గారూ. అది పెడితే మన రిజల్టు ఏమైపోవాలి?”

రోడ్డు మీద గొయ్యి పడితే పూడ్చకుండా, మ్యాపులోంచి రోడ్డునే తుడిచేసే రకం. రానిది నేర్పడానికే కదా మనకి జీతం అని నోటిదాకా వచ్చింది. పెద్దాయన కదా అని మింగేసి, ఎంతో వినయంగా అడిగాను.

“మీ మనవడిదీ మూడో తరగతే కదండీ, ఏలూరు కాన్వెంటులో. వాడికీ ఈ పది చాలంటారా?”

ఆయన తలెత్తి, నా తెలివితక్కువతనానికి జాలిపడ్డట్టు నవ్వారు.

“వాడికి ఇవెందుకండీ? వాడు చదువుకుంటున్నాడు కదా!”