మునిగిన ఓడ దగ్గర పిలిచిన పేరు

మా ఆయన పేరు నేను నోటితో అనేదాన్ని కాదు. రేషన్ కార్డు రాయడానికి వచ్చిన సారుకు కూడా మా అత్త భీమమ్మే చెప్పింది. ఆయనా నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏయ్", "ఇగో", మరీ ప్రేమ పుట్టుకొస్తే "ఏమే". పెళ్లినాటి నుంచీ ఇదే మా సంసారం.

నారాయణఖేడ్‌లో ఎవరి బావిలో బిందె పడ్డా, మోటరు పైపు ఊడినా ఆయనకే కబురు వచ్చేది. ఊపిరి బిగపట్టి మునిగితే, గట్టు మీదివాళ్ల గుండెలు జారాకగానీ తేలేవాడు కాదు. ఎనభై ఆరులో వానలు మొండికేసి బావులే ఎండిపోయాయి. మునిగేవాడికి నీళ్లు లేని ఊళ్లో ఏం పని? మస్కట్ పోయాడు. రేవులో కూలి పని అన్నాడు, నమ్మాను.

మరుసటేడు పక్క ఊరు కల్హేర్‌కు చెందిన గులాం రసూల్ మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనదీ మా ఆయనదీ ఒకే కంపెనీ.

"రామవ్వా, పరేషాన్ గాకు. మీ ఆయన సముద్రంల మునిగిన పాత ఓడకాడికి దిగిండు. పైకొచ్చేటప్పుడు జర గడ్‌బడ్ అయ్యింది. దవాఖానల వెట్టిన్రు. బాగనే ఉన్నడట, ఇంటికి పంపుతరట. నేనైతే కండ్లతోని సూడలే."

పరేషాన్ కావద్దని ఇంత చెబుతావా నాయనా అని తిట్టాలనిపించింది. మంచినీళ్లిచ్చి పంపాను. ఆ వారమంతా రొట్టె చేసినా, చేలో కలుపు తీసినా నా లోపల గాలి ఆడలేదు. ఏడుద్దామంటే అత్త అపశకునం అంటుంది. ఆమె కళ్లూ బాగా ఉబ్బే ఉన్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం బస్సు దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని తనే నడిచి వచ్చాడు. అత్త దిష్టి తీసి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. అరుగు మీద కూర్చుని ఆయన సంగతంతా చెప్పాడు.

మొదట్లో కంపెనీ పడవ మీద తాళ్లు లాగేవాడట. పని అయ్యాక ఈత కొట్టడం చూసి ముచ్చటపడి, నీళ్లలోకి దిగే మత్తయి అనే కేరళాయన మా ఆయన వీపుకు గాలి సిలిండరు కట్టి నీళ్లలో ఊపిరి తీయడం నేర్పాడట. ఎప్పుడో మునిగిన ఓడను పైకెత్తేందుకు దానికి తాళ్లు కట్టడం పని. నీళ్లు గోరువెచ్చగా, అడుగు కనబడేంత తేటగా ఉండేవట. ఓడ కిటికీల్లోంచి పచ్చటి చేపలు వచ్చిపోతుండేవట.

"మత్తయి ఒక్కటే మాట చెప్పిండు. ఎన్నడు ఊపిరి బిగవట్టకు. సిలిండర్ గాలి పైకొచ్చినకొద్ది ఉబ్బుతది, లోపల్నే ఆపితే ఛాతీ పలుగుతది. ఎవరి పేరన్న సాగదీసి పిలుసుకుంట రా, గాలి బయటికి పోతుంటది అన్నడు."

ఆ రోజు ఓడ గదిలోకి దూరితే తుప్పు పట్టిన తలుపు కూలి బురద లేచింది. ఏమీ కనబడలేదు. తడుముకుంటూ బయటపడ్డాడు గానీ, భయంలో బావి అలవాటే ముందుకొచ్చింది. ఊపిరి బిగపట్టి, కాళ్లు తన్నుకుంటూ పైకి లేచాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా! వెనకే ఉన్న మత్తయి ఆయన కాలు పట్టి ఆపి, ఊపిరి వదిలేలా కడుపులో ఒక్కటి పొడిచాడట.

"గప్పుడు యాదికొచ్చింది. పైదాక పిలుసుకుంటనే వచ్చిన."

"ఎవరిని?"

ఆయన తల దించుకుని చెప్పుకు అంటిన మట్టి దులిపాడు.

"రామవ్వా అని."

డాక్టర్లు రెండు రోజులు చూసి, ఛాతీకి ఏమీ కాలేదని పంపారట. ఇక నీళ్లలోకి దిగనని కంపెనీకి చెప్పేశాడట. ఇవేవీ నాకు సరిగా వినబడలేదు. లోపలికి పీల్చిన ఊపిరి లోపలే ఆగిపోయింది. ఏడుపు రాదు. ఆయన కంగారుగా లేచి నా భుజాలు పట్టుకున్నాడు.

"ఏమైందే? ఊపిరి బిగవట్టకు! ఎవరి పేరన్న పిలువు, జల్దీ!"

"మల్లప్పా..." అన్నాను. వీధి చివరి దాకా వినబడేలా అన్నాను. వారం నాటి ఊపిరంతా దాంతో బయటికొచ్చింది. వెనకే ఏడుపు, ఆ వెనకే నవ్వు.

లోపలి నుంచి అత్త కేకేసింది. "ఏందే, మొగన్ని పేరు వెట్టి పిలుస్తున్నవ్! సిగ్గు లేదా?"

"లేదత్తా," అన్నాను. "ఇయాల లేదు."