గోలీల డబ్బా

అనసూయమ్మ పొద్దుటి నుంచి మూడుసార్లు బియ్యం డ్రమ్ము దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. దాని వెనకే ఉంది గోలీల డబ్బా. అశోక్ నగర్‌లో ఆమె నడిపే హాస్టల్ పిల్లలకు అది చిన్నపాటి దవాఖానా. "ఆంటీ, జ్వరం", "ఆంటీ, కడుపునొప్పి" అని ఎవరొచ్చినా ఏదో ఒకటి దొరికేది.

గ్రూప్ టూకు చదువుతున్న సంధ్య మూత్రంలో మంట అంటే, అనసూయమ్మ తన భర్త వాడగా మిగిలిన గోలీలు అయిదు రోజులకు సరిపడా ఇచ్చింది. పదిరోజులకు జ్వరం, మాట రాకుండా నోరంతా పుండ్లు, ఆపైన ఒళ్లంతా బొబ్బలెక్కి తోలు ఊడిపోవడం. ఏదో గోలీ పడలేదన్నారు ఆసుపత్రిలో. హాస్టల్ పేరు పోతుందని, "జ్వరం గోలీ తప్ప నాకేం తెల్వదు" అనేసింది అనసూయమ్మ. నాలుగు రోజులైంది. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆమె పని.

ఫోన్ మోగింది. సంధ్య రూమ్మేట్ వీణ.

"ఆంటీ, తోలు ఊడిన కాడ చీము పట్టింది. సంధ్య కండ్లు తెరుస్తలేదు. చీముకు మందియ్యాలెనట. పడని గోలీ ఏదో తెల్వకుంటే మళ్ల అదే ఇచ్చే డేంజరున్నదంటున్నరు. మీ డబ్బాల జర చూడున్రి."

"డబ్బాల ఏముంటదే! అన్నీ గ్యాసు గోలీలే."

ఫోన్ చేతులు మారింది. సంధ్య తల్లి కురుమమ్మ, ముషీరాబాద్‌లో బిల్డింగు పనికి పోయే మనిషి.

"అమ్మా, నీ తాన ఉన్నదని ధైర్నంగుంటిమి. ఎరుకుంటే చెప్పు."

అనసూయమ్మ డబ్బా చంకన పెట్టుకొని ఆటో ఎక్కింది. చిక్కడపల్లిలో ఆటో కదల్లేదు.

"జర పోనియ్యన్నా!"

"గాల్ల పోవాల్నా అక్కా?"

డబ్బాలో వెతికింది. నారాయణగూడ మందుల షాపువాడు ఎప్పుడూ గోలీల పట్టీని సగానికి కత్తిరించే ఇస్తాడు. సంధ్యకు ఇవ్వగా మిగిలిన ఒక్క గోలీ వెనక, రేకు మీద సగం పేరే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరుకు ఆ సగం చాలింది. చీము పరీక్ష కాగితంలో పనిచేసే మందుల వరుస చూసి, ఒకదాన్ని రెండు గీతలతో కొట్టేశాడు.

"ఇదే మొదలుపెడదామనుకున్న. ఈ అమ్మాయి జన్మల మళ్ల ఇది ముట్టొద్దు."

నర్సు వేరే మందు కోసం పరుగెత్తింది.

కురుమమ్మ డబ్బా వైపే చూస్తోంది. "నాలుగు దినాల సంది ఇది ఏడున్నదమ్మా?"

"బియ్యం డ్రమ్ము ఎనక."

కురుమమ్మ తలుపు అద్దానికి నుదురు ఆనించి, లోపల గుడ్డలు చుట్టిన కూతుర్ని చూస్తూ నిలబడింది. కూర్చోవాలో, వెళ్లిపోవాలో అనసూయమ్మకు తెలియలేదు. డబ్బాను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ అక్కడే ఉండిపోయింది.