అద్దం మీద గుడ్డ

టీవీలో బొమ్మ బాగున్నంతకాలం కొండ మీద ఒక మనిషి ఉన్నాడని ఎవడికీ గుర్తుండదు. పోయిందంటే మాత్రం నా పేరు ఊరంతా మోగుతుంది. యానాఉర్కో కొండ మీద ఇరవై ఆరేళ్ళుగా నా బతుకు ఇదే. అయాకూచో పట్నం నుంచి వచ్చే టీవీ సిగ్నల్ తిన్నగా పోతుందే తప్ప కొండ వెనక లోయలోకి దిగదు. మా యాంటెన్నా దాన్ని పట్టుకుని, బలం పెంచి, ఇంకో చానెల్ మీద కింద పుకామార్కా ఊరికి పంపుతుంది. ఆ యంత్రానికి కాపలా నేను.

ఫోన్లు రాకముందు మా ఊరు పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ప్రతి ఇంటి పెరటిగోడకి ఒక అద్దం, మిట్టమధ్యాహ్నపు ఎండ కొండ మీదికి కొట్టేలా బిగించి, దాని మీద గుడ్డ. పన్నెండింటి వార్తల వేళ గుడ్డ ఒకసారి ఎత్తితే బొమ్మ పోయిందని, రెండుసార్లు ఎత్తితే బాగుందని. తిట్టడానికి అందరూ ఎత్తేవాళ్ళు. బాగుందని చెప్పే ఓపిక ఊరి చివరింటి సతుర్నీనా అక్కకొక్కదానికే ఉండేది. రోజూ రెండు మెరుపులు. అవి చూశాకే నేను అన్నం ముందు కూర్చునేవాణ్ణి.

పోయినేడు బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో అవీ ఆగిపోయాయి. అంతకు వారం ముందే పిడుగులకి భయపడి సీరియల్ మధ్యలో యంత్రం ఆపాను. ఆ కోపమే అనుకున్నాను. పౌరుషం నాకు మాత్రం లేదా? సంతకి దిగినా అక్క వీధి తొక్కలేదు. నిజం చెప్పాలంటే, ఏడాదిగా అన్నం సయించలేదు.

నిన్న మున్సిపాలిటీ ఇంజనీరు నేలిదా ఎక్కి వచ్చింది. చిన్నపిల్ల, పెద్దవాణ్ణని నన్ను 'దోన్' అని పిలుస్తుంది, నోరు మాత్రం పెద్దది.

"దోన్ అబ్దోన్, మీ కన్నా మీ యాంటెన్నాయే కాస్త కుర్రగా ఉంది," అంది.

"అది పెళ్ళాం పోరు లేకుండా బతికింది."

"మీకూ లేదుగా?"

"అందుకే నాకూ ఇంకా తుప్పు పట్టలేదు. పనేంటో చెప్పు."

ఊరంతా డిష్‌లకి మారిందట. ఒక్క ఇల్లయినా మా సిగ్నల్ చూస్తుంటే ఏడాది చివరిదాకా ఉంచుతారట. లేకపోతే ఇవాళే మూత.

"చూస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?" అంది.

"ఆపితే తెలుస్తుంది."

పన్నెండు దాటిన కాసేపటికి, వార్తల మధ్యలో, నా చేత్తోనే ఆపాను. ఇద్దరం బయట రాయి మీద కూర్చున్నాం. లోపల పాత టీవీలో మాత్రం పట్నం నుంచి వచ్చే బొమ్మ ఇంకా ఆడుతోంది.

"అందులో బొమ్మ ఎలా వస్తుందో నీకు తెలుసా?" అన్నాను, గుబులు అణచుకోవడానికి.

"మేం కంప్యూటర్లతో చదువుకున్నాం లెండి."

"బొమ్మంటూ ఏదీ లేదమ్మాయ్. ఒకే ఒక్క చుక్క వెలుగు. ఎడమ నుంచి కుడికి గీత గీస్తుంది, కిందికి దిగి మళ్ళీ గీస్తుంది. ఐదువందల ఇరవై అయిదు గీతలు, సెకనుకి ముప్పైసార్లు. అది ముందుకి పోయేసరికి వెనకది ఆరిపోతూ ఉంటుంది. మిగతాదంతా కన్ను గుర్తుపెట్టుకునేదే. చూసే కన్ను లేకపోతే అక్కడ బొమ్మ లేదు."

ఆ పిల్ల ఈసారి నవ్వలేదు.

పది నిమిషాలయింది. పదిహేనయింది. "పోదామా?" అని తను మెల్లగా అడిగింది. అప్పుడే కింద, ఊరి చివర, ఒక్క మెరుపు.

"అక్క," అన్నాను. యంత్రం మళ్ళీ ఆన్ చేశాను, తలుపుకి తాళం వేశాను. నేలిదా కాగితం మీద 'ఒక ఇల్లు' అని రాసుకుంది. ఇద్దరం దిగాం. తను మున్సిపాలిటీ వైపు, నేను ఆ వీధికి.

సతుర్నీనా అక్క టీవీ ముందు బల్ల మీద కూర్చుని మొక్కజొన్న ఒలుస్తోంది. నా అడుగుల చప్పుడుకి తల తిప్పింది, చూపు మాత్రం నా పక్కనుంచి పోయింది.

"ఎవరది?"

"నేనక్కా, అబ్దోన్."

"వచ్చావా, సన్నాసీ. ఏడాది పట్టింది."

"నువ్వు మెరుపులు ఆపావుగా. కోపమనుకున్నా."

"కోపమెందుకురా? కళ్ళు పోయాయి. బొమ్మ బాగుందో లేదో నాకేం తెలుసు? తెలియకుండా బాగుందని అబద్ధం చెప్పమంటావా నీకు? ఇవాళ టీవీలో మాట ఆగిపోయింది. అది నా చెవులకి తెలిసింది, గుడ్డ ఎత్తాను."

టీవీ వైపు తిరిగాను. మాటలు స్పష్టంగా వస్తున్నాయి. తెర మాత్రం చీకటిగా ఉంది. పిక్చర్ ట్యూబు ఎప్పుడో మాడిపోయింది. దాని మీద దుమ్ము ఒక వేలి మందాన పేరుకుంది.

"ఇప్పుడెలా ఉంది బొమ్మ?" అంది.

"బాగుందక్కా."

"మసకేమైనా?"

"లేదు. అద్దంలా ఉంది."

అక్క మొహం విప్పారింది. "అయితే నువ్వే వెళ్ళి రెండుసార్లు ఎత్తు. కొండ మీదివాడు బెంగ పెట్టుకునుంటాడు," అని తన హాస్యానికి తనే నవ్వింది.

పెరట్లోకి వెళ్ళి గుడ్డ ఎత్తాను, దించాను, మళ్ళీ ఎత్తాను. అప్పటికే పొద్దు వాలింది. వెలుగు కొండని తప్పి పక్క గుట్ట రాళ్ళ మీద పడింది. కొండ మీద కూడా ఎవరూ లేరు.