అక్కర్లేదని పెట్టిన సంతకం

ఫర్హీన్ టీచరు సంచి పట్టుకుని బడి మెట్లు దిగుతుంటే, మా కెజియ గేటు పట్టుకుని ఒకటే అరుపు. తొమ్మిదేళ్ల పిల్ల, మాట రాదు. టీచరును టౌను ఆఫీసులో కంప్యూటరు పనికి వేశారు. రెంటచింతల పక్కన మా ఊళ్లో మాట రాని, నడవలేని పద్నాలుగు మంది పిల్లలకు ఆమె ఒక్కతే దిక్కు.

తల్లులంతా ఏడ్చారు. నేను మాత్రం లోలోపల సంతోషించాను. అవును, సిగ్గు విడిచి చెబుతున్నాను, వినండి!

మిరపకోతకు పోయొచ్చిన నా చేతులు ఎంత కడిగినా మంట పోదు. ముద్ద పెట్టబోతే కెజియ మొహం తిప్పేసేది. టీచరు పెడితే గుటుక్కున మింగేది. కన్నది నేను, చేతులు చాచేది ఆమె వైపా? కడుపు రగిలిపోయేది. అందుకే ఆమెను పంపేయకముందు ఆఫీసరు కాగితం పట్టుకొచ్చి, "ఈ టీచరు మీకు అక్కర్లేదని సంతకం పెట్టమ్మా" అనగానే పెట్టేశాను.

వారం తిరక్కుండా కెజియ తిండి మానేసింది. చెంచా పట్టడం నేర్చుకున్న పిల్ల దాన్ని గోడకేసి కొట్టింది. మధ్యాహ్నం చేలో సద్దులు విప్పినప్పుడు అందరి ముందూ నిజం చెప్పేశాను. పీరాంబీ లేచింది. ఆమె మనవడికి కాళ్లు చచ్చుబడ్డాయి.

"ఏందే రూతమ్మా! నీ కుళ్లుకి మా పిల్లల నోట్లో మట్టి కొట్టావా? నా మనవడు ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నిలబడతన్నాడే!"

"తప్పయింది పిన్నీ. కొట్టు."

"నిన్ను కొడితే టీచరొచ్చిద్దా? టౌను పిల్లలకి ముగ్గురు టీచర్లున్నారంట. మనకి ఒక్కదాన్నీ ఉంచరా? రేపు కోత బందు!"

మర్నాడు ఏ చేలోనూ కాయ తెగలేదు. పిల్లల్ని చంకనేసుకుని టౌను ఆఫీసు గేటు ముందు కూర్చున్నాం. ఆఫీసరు నన్ను పక్కకు పిలిచాడు.

"నీ పాపకొక్కదానికే ఇక్కడి బళ్లో సీటిప్పిస్తా. వీళ్లని లేపు."

అంతకు వారం ముందైతే ఎగిరి గంతేసేదాన్ని.

"పద్నాలుగు మందికీ టీచరు కావాలి, మా ఊళ్లోనే. ఆమెని పర్మినెంటు చెయ్యండి. మా ఊరి ఆడపిల్లలు ఇద్దరికి ఇట్టాంటి పిల్లలకి నేర్పే చదువు చెప్పించండి. అందాకా కదలం!"

పోలీసు జీపు వచ్చింది. అప్పుడే ఫర్హీన్ టీచరు కంప్యూటరు కట్టేసి బయటికొచ్చింది. డ్యూటీ వదిలితే ఉద్యోగం ఊడుతుందని మెమో పట్టుకుని ప్యూను వెనకే పరిగెత్తుకొచ్చాడు. ఆమె చదివింది. మా మధ్య నేల మీద కూర్చుంది. మెమో తిరగేసి, ఖాళీ వైపు పిల్లల పేర్లు రాసి హాజరు పిలిచింది.

"కెజియ!"

నా పిల్ల నా ఒళ్లోంచి దూకి ఆమె మెడకు చుట్టుకుంది. నా కడుపు మళ్లీ భగ్గుమంది. అయినా ఆ మాట రాని పిల్ల బదులు నేనే గొంతెత్తాను.

"ఉంది టీచరూ!"