డ్రమ్ములో దూడ

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఈ ఊళ్లో వాన వస్తుందో రాదో ఫోను చూసి చెబుతారు. నేను పుట్టిన కాన్సస్ సిటీలో, వైన్ వీధిలో, ఒకప్పుడు ఆ కబురు ఒక డ్రమ్ము చెప్పేది. ఈ కథ మీకు చెప్పాల్సింది నేనే, ఇన్నాళ్లూ ఆలస్యం చేశాను. మా ఎదురింటి ఐడెల్లా అత్త నాకు చెప్పినట్టే చెబుతాను. తెలియని చోట తెలియదనే అంటాను.

అప్పట్లో సోమవారం ఉతుకుల రోజు. ఇళ్ల వెనక దండేలన్నీ దుప్పట్లతో, చొక్కాలతో నిండిపోయేవి. ఆకాశం ఎంత తేటగా ఉన్నా సరే, డ్రమ్ము వాయించే క్లియోఫస్ టార్వర్, అందరికీ క్లీ, అతని మేడగదిలోంచి "అంబా" అని లేత గొంతు వినబడిందంటే ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి బట్టలు లాగేసేవారు. గంట తిరక్కుండా వాన పడేది. ఒక్కసారీ తప్పలేదు.

"ఏం క్లీ, పోయిన సోమవారం నీ దూడ నోరు మెదపలేదు? నా దుప్పట్లు రెండోసారి ఉతుక్కున్నాను," అంది ఐడెల్లా కిందినుంచి.

"అప్పుడు డ్రమ్ము లోపల బల్బు వెలుగుతోంది అత్తా. ప్రాక్టీసు చేసుకుంటున్నాను."

"ప్రాక్టీసు మంగళవారం పెట్టుకో. సోమవారం దూడ మాది."

బల్బు సంగతి మీకు చెప్పాలి. ఆ రోజుల్లో డ్రమ్ములకి దూడతోలే. గాలిలో తేమ చేరితే తోలు వదులైపోయి, తడిసిన గోనెసంచిని కొట్టినట్టు మోగేది. అందుకని డ్రమ్మర్లు కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము పొట్టలో ఒక బల్బు బిగించి, ఆ వేడితో తోలుని బిగువుగా ఉంచుకునేవారు. క్లీ కూడా అంతే. బల్బు వెలుగుతున్నంతసేపూ అతని తోలుకి వాన జాడ తెలిసేది కాదు, అరిచేది కాదు.

బ్యాండులో చేరకముందు అతను తొమ్మిదేళ్లు మాంసం ఫ్యాక్టరీ నేలమాళిగలో తోళ్లకి ఉప్పు పట్టించాడు. తండ్రి కూడా అక్కడే చేశాడు. ఉప్పు తినేసిన ఆ ముసలాయన వేళ్లు చివరికి చొక్కా గుండీని కూడా పట్టుకోలేకపోయాయి. ఒకరోజు, తల్లితోపాటు రైలెక్కి దారిలోనే చచ్చిపోయిన దూడ తోలు ఒకటి కిందికి వచ్చింది. అంచున కోత పడింది, పారెయ్యమన్నాడు మేస్త్రి. క్లీ దాన్ని ఇంటికి తెచ్చుకుని, సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తడిమీదే చెక్క చట్రానికి చుట్టి ఆరబెట్టి, తన పెద్ద డ్రమ్ముకి బిగించాడు. మొదటిసారి మబ్బు పట్టగానే అది అరిచింది. వీధిలో ఎవరూ వింతపడలేదు. "దూడతోలు దూడలా అరవక పిల్లిలా అరుస్తుందా?" అన్నాడు చర్చి పెద్ద ఆబ్నర్ పీక్.

చిక్కు మాత్రం అతను, హోసియా విట్లో అనే ఆయన నడిపే బ్యాండులో చేరాక వచ్చింది. డాన్సు హాల్లో మూడువందలమంది చెమటకి బల్బు వేడి చాలేది కాదు. రెండో గంట దాటాక పెడల్ గట్టిగా తొక్కితే, పాట మధ్యలో దూడ మూలిగేది. జనం నవ్వేవారు. అందుకని క్లీ కాలు తేలిక చేసుకున్నాడు. పాట నడకంతా పైనున్న ఇత్తడి తాళాల మీదికి మార్చి, డ్రమ్ముని మాత్రం మునివేళ్లతో తాకినంత మెల్లగా తాకేవాడు.

అది హోసియాకి నచ్చలేదు. పియానో దగ్గర్నుంచే కసిరేవాడు.

"ఒరే, నీ కాలు నిద్రపోతోందా?"

"వేస్తూనే ఉన్నానన్నా."

"నీ ఒక్కడికే తెలిస్తే సరిపోతుందా? ఆదివారం మధ్యాహ్నం ఒమాహా ఊరి బ్యాండు వాళ్లతో పోటీ. వాళ్ల ఆర్విల్ స్పెన్స్ తొక్కితే కిటికీ అద్దాలు అదురుతాయి. నువ్వు వాణ్ణి మించి తొక్కు. తొక్కలేవా, సోమవారం పొద్దున్నే నీ ఉప్పు దగ్గరికి పో. ఇంకొకణ్ణి చూసి పెట్టాను."

క్లీ రెండు కొత్త బల్బులు కొని తెచ్చాడు. ఎంత చెమటైనా తోలు బిగువు సడలకూడదని. శనివారం సాయంత్రం వాటిని బిగిస్తుంటే ఐడెల్లా మెట్లెక్కి వచ్చింది.

"రేపు మా చర్చి విందు. హాలు పక్క ఖాళీ జాగాలోనే. రెండువందల పళ్లేలు. మోకాళ్లు వంగని ముసలమ్మలు పదిమంది. రేపొక్కరోజు బల్బు వెయ్యకు నాయనా."

"బల్బు లేకుండా గట్టిగా తొక్కితే ఇది అరుస్తుంది అత్తా. అరిచిందా, నా పని పోతుంది."

ఐడెల్లా ఆ కొత్త బల్బుల కేసి చూసింది. "అడగడం నా వంతు, అడిగాను," అని దిగిపోయింది.

తండ్రి పోయిన ఏడాది, ఆమె ఇంట్లోనే క్లీ రోజూ భోజనం చేశాడు. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటే కాదనేవాణ్ణని తర్వాత ఎప్పుడో అన్నాడట. కిటికీలోంచి తల బయటపెట్టి, "సరే అత్తా, వెయ్యను," అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు తన వేళ్లనే చూసుకుంటూ కూర్చున్నాడట.

ఆదివారం ఉక్కపోత. హాలు కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. బయట చర్చివాళ్లు వేయించిన చేపలు, కాల్చిన పక్కటెముకలు, మొక్కజొన్న రొట్టెలు బల్లల మీద పరుస్తున్నారు. లోపల ఆర్విల్ స్పెన్స్ మొదలుపెట్టాడు. మనిషి చిన్నవాడే, కాలు మాత్రం సమ్మెట. నేల అదిరింది. జనం ఈలలు వేశారు. బయట ఆబ్నర్ పీక్ చెంచా కింద పడేసి, "ఇల్లు కూలగొడుతున్నారా?" అన్నాడు.

వంతు మారింది. హోసియా పియానో మీంచి తలెత్తి క్లీ కేసి చూశాడు. తొక్కు, అని ఆ చూపు.

క్లీ తొక్కాడు, ఉన్న బలమంతా పెట్టి.

"అంబా" అంది డ్రమ్ము.

జనం గొల్లున నవ్వారు. బయట ఐడెల్లా, "పళ్లేలు ఎత్తండి" అని కేకేసింది. అప్పుడు ఇంకో గొంతు వినబడింది. దూరంగా, పడమటి పల్లంలో, నది ఒడ్డున పశువుల దొడ్లున్నాయి. అక్కణ్ణుంచి ఒక ఆవు, నిండు గొంతుతో, పలికింది.

నవ్వులు ఆగిపోయాయి. డ్రమ్ము మళ్లీ అరిచింది, ఈసారి ఎవరూ తొక్కకుండానే. ఆవు మళ్లీ పలికింది. దాని వెనక దొడ్లన్నీ పలికాయి. ఆ పిలుపుల మధ్య వణికిపోతున్న తోలు మీద క్లీ కాలు, అతను అనుకోకుండానే, మెల్లగా వాలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బిడ్డ వీపు మీద తల్లి చెయ్యి వాలినట్టు. అరుపు మూలుగైంది. మూలుగు ఊపిరైంది. పైన అతని చేతి పుల్లలు తాళాల మీద సన్నగా నడుస్తున్నాయి.

హోసియా కోపంగా లేచినవాడు, కూర్చుని, రెండు చేతులకి బదులు రెండు వేళ్లతో పియానో అందుకున్నాడు. జనం ఎప్పుడు కదలడం మొదలుపెట్టారో ఎవరూ గమనించలేదు. డ్రమ్ము చెవికి వినబడలేదు. అరికాళ్లకి తెలిసింది.

వాన పడింది. చర్చివాళ్లంతా పళ్లేలతో సహా హాల్లోకి వచ్చేశారు. డాన్సు హాలు గడప తొక్కకూడదని ఇరవైయేళ్లుగా బోధిస్తున్న ఆబ్నర్ పీక్ తలుపు దగ్గరే నిలబడి, చేపల పళ్లెం పట్టుకుని, తన కుడికాలు ఏం చేస్తోందో వింతగా చూసుకున్నాడు. మోకాళ్లు వంగని ముసలమ్మల్లో నలుగురు ఆడారు. ఆరుగురని ఐడెల్లా ఒకసారి అంది. నాకు నలుగురని చెప్పిందే ఎక్కువసార్లు.

పాట అయ్యాక ఆర్విల్ స్పెన్స్ వచ్చి డ్రమ్ముకి చెవి ఆనించాడు.

"ఏం చేస్తున్నావు దీన్ని? నాకు ఒక్క దెబ్బా వినబడలేదు."

"జోకొడుతున్నాను," అన్నాడు క్లీ.

పోటీలో ఎవరు గెలిచారో ఐడెల్లా చెప్పలేదు. హోసియా మాత్రం ఉప్పు ఊసెత్తలేదు. కోటు తొడుక్కుంటూ, "సోమవారం పదింటికి ప్రాక్టీసు. ఆ బల్బులు తేకు," అన్నాడు. క్లియోఫస్ టార్వర్ ఆ బ్యాండుతో పద్నాలుగేళ్లు ఊళ్లు తిరిగాడు, రేడియోలో వాయించాడు. చివరిదాకా చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు.

డ్రమ్ము మళ్లీ అరవలేదు. వైన్ వీధి ఆడవాళ్లు ఆకాశం చూడటం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. రెండేళ్లపాటు, బట్టలు తడిసిన ప్రతిసారీ క్లీని తిట్టారు.

ఒక్కటి నాకు అంతుపట్టలేదు. ఆ దూడ తల్లి ఎప్పుడో, ఆ దొడ్లకి వచ్చిన వారంలోనే పోయి ఉంటుంది. మరి పలికిందెవరు? మూడుసార్లు అడిగాను.

"ఏదో ఒక తల్లి," అంది ఐడెల్లా, మూడుసార్లూ.

మీ చిన్నప్పుడు నేను జోకొడుతూ మీ వీపు మీద వేసిన నాలుగు దెబ్బలూ అవే. ఐడెల్లా నాకు వేసింది, ఆమెకి క్లీ చూపించాడు. మీ ఒళ్లో ఎవరైనా నిద్రపట్టక ఏడిస్తే అలాగే మెల్లగా వెయ్యండి. వాళ్లకి మాటలు తెలిసే వయసొచ్చాక, అది ఎవరి కాలినుంచి వచ్చిందో చెప్పండి. ముసలమ్మలు నలుగురనే చెప్పండి.