బయటి పాక

ఆదివారం పొద్దున మూడో బిందె నింపుకుని ఎత్తబోయేసరికి శ్యామల నడుము పట్టేసింది. ఆమె బయట చేరి రెండో రోజు. బోరింగు గట్టు మీద కాసేపు కూలబడదామంటే, ప్రార్థనకొచ్చే ముప్పై మందికి అన్నం ఇంకా పొయ్యి ఎక్కలేదు.

"జల్దీ కానీ, పాస్టరయ్య వచ్చే యాళ్లయింది," అని ఇంటి ముందునుంచి కేకేశాడు మొగుడు పోతయ్య, తెల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆ చొక్కా నిన్న ఉతికి ఆరేసింది కూడా ఆమే.

రెండేళ్ల కిందటైతే ఈపాటికి దొడ్డి చివర తాటాకు పాకలో ఉండేది. చర్ల అవతల ఆ అడవి పల్లెలో ఇంటింటికీ అలాంటి పాక ఒకటుంటుంది. బయట చేరిన అయిదు రోజులూ ఆడది అందులోనే. పొయ్యి ముట్టకూడదు, బిందె ముట్టకూడదు, ముత్యాలమ్మ గద్దె వైపు చూడకూడదు. అత్త చిన్నక్క విస్తరాకులో అన్నం తెచ్చి అల్లంత దూరాన పెట్టి, "నీ నీడ పడనియ్యకు, అమ్మకు కోపమొస్తది," అనేది. కుక్కనైనా దగ్గరికి పిలిచి పెడతారు కదా అని శ్యామల కుమిలిపోయేది. వానొస్తే పాకంతా కురిసేది. ఒకసారి చూరులోంచి కట్లపాము దిగింది.

అందుకే పోతయ్య బాప్తిస్మం తీసుకుందామంటే ఆమె ఎదురు చెప్పలేదు. పాస్టరు జయప్రకాశ్ మొదటి ఆదివారమే, పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడ్డ ఒక ఆడమనిషి సంగతి చెప్పాడు. ఆమె వెనకనుంచి వచ్చి ప్రభువు అంగీ అంచు ముట్టుకుందట. ప్రభువు ఛీ పొమ్మనలేదట, కుమారీ అని పిలిచాడట. శ్యామల కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తనను ముట్టుకోనిచ్చే దేవుడొకడున్నాడని అప్పటిదాకా ఆమెకు తెలియదు. "ఇగ మనకు అంటూ లేదు, ముట్టూ లేదు," అని పోతయ్య ఆ సాయంత్రమే పాక మీది తాటాకు పీకేసి, గుంజల నడుమ కట్టెలు పేర్చాడు.

అంటు పోయింది. దాంతోపాటే ఆ అయిదు రోజులూ పోయాయి. అప్పుడు నీళ్లు పోతయ్యే మోసేవాడు, వంట అత్తే చేసేది, మిరపచేలో కూలికి రమ్మని ఎవరూ పిలిచేవారు కాదు. పాత దేవత బిందె ముట్టొద్దంది. కొత్త దేవుడి పేరు చెప్పి మొగుడు బిందె దించనివ్వడం లేదు. నడుము నొప్పంటే, "ప్రభువు నిన్ను శుద్ధం చేసిండు కదా, ఇంకేంది?" అంటాడు. అత్తేమో, "గద్దె కాడ దీపం మానితే గట్లనే అయితది," అని మూతి తిప్పుతుంది. కొడుకు మతం మారితే సాధింపులు కోడలికి. ప్రభువు అంగీ ముట్టుకుని బాగుపడ్డ ఆ తల్లి ఇంటికి పోయాక నీళ్లు ఎవరు మోశారో పాస్టరు ఎప్పుడూ చెప్పలేదు.

శ్యామల బిందెను బోరింగు దగ్గరే వదిలేసింది. తిన్నగా దొడ్డిలోకి పోయి, కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగి పడేసింది. గుంజల మీద పాత పరదా కప్పి, కింద చాప పరుచుకుని, కాళ్లు బారజాపుకుని కూర్చుంది.

పోతయ్య ఉరికొచ్చాడు. "ఏందే గిది? మళ్లా పాత ఆచారంల పడ్డవా?"

వెనకే చేతిలో చెంబుతో చిన్నక్క వచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది. "నేను చెప్పలే? అమ్మ మళ్లా పిలుసుకుంది. గాడనే ఉండు బిడ్డా, పొయ్యికాడికి రాకు."

"నాకు అంటేం లేదత్తా," అంది శ్యామల. చెయ్యి చాపి అత్త చేతిలోని చెంబు తీసుకుని, గటగటా తాగి, తిరిగి ఆ చేతిలోనే పెట్టింది. చిన్నక్క ఆ చెంబు పట్టుకోవాలో వదిలేయాలో తెలియక నిలబడిపోయింది.

"మరి ఏ దేవుడు కూసోమన్నడే నిన్ను?" అన్నాడు పోతయ్య.

"ఏ దేవుడూ అనలే. నా నడుం అన్నది. బోరింగు కాడ బిందె ఉంది, పోయి తెచ్చుకో."